ఎలక్ట్రోడ్ కింద చర్మం: ఏడు రోజుల హోల్టర్ పరీక్షలో ఒక కేసు

పర్లాకిమిడిలో ఒక ఫిజీషియన్ గారి వద్ద ఈసీజీ, హోల్టర్ పరీక్షలు చేసే టెక్నీషియన్‌గా నేను పనిచేస్తున్నాను. ఛాతీకి ఎలక్ట్రోడ్లనే చిన్న పట్టీలు అంటించి, రోగి వెంటే ఉండే చిన్న యంత్రంతో గంటలు, రోజుల తరబడి గుండె లయను నమోదు చేసే పరీక్షే హోల్టర్. ఒడిశాలోని గజపతి జిల్లాకు కేంద్రమైన ఈ పట్టణానికి ఒడియా, తెలుగు, సవర భాషలు మాట్లాడే గ్రామాల నుంచి, సరిహద్దుకు అవతల ఉన్న పాతపట్నం వైపు నుంచి కూడా రోగులు వస్తారు. ఇక్కడ రాస్తున్నది 54 ఏళ్ల తెలుగు మహిళ కేసు. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. పేరు, ఊరు చెప్పడం లేదు. ఈ కేసులో చర్మం దెబ్బతినడానికి ముఖ్య కారణం నేను చేసిన పనే కాబట్టి, ఇదే పని చేసేవారికి ఉపయోగపడేలా జరిగిన క్రమాన్ని ఉన్నదున్నట్టు వివరిస్తున్నాను.

పరీక్ష ఎందుకు అవసరమైంది

ఆమెకు ఏడాదికి పైగా ఉన్నట్టుండి గుండె దడ మొదలై, పది నిమిషాల నుంచి అరగంట వరకు కొనసాగి, ఎంత హఠాత్తుగా మొదలైందో అంతే హఠాత్తుగా ఆగిపోయేది. నెలకు మూడు నాలుగు సార్లు అలా వచ్చేది. ఒకసారి కళ్లు తిరిగి కూలబడ్డారు. మామూలు ఈసీజీ, ఎకో పరీక్ష, థైరాయిడ్ పరీక్ష అన్నీ బాగానే ఉన్నాయి. వేరొకచోట చేయించుకున్న 24 గంటల హోల్టర్ రిపోర్టును ఆమె వెంట తెచ్చారు. ఆ రోజు దడ రాలేదు సరే, రికార్డింగులో చాలా భాగం ఆర్టిఫాక్ట్‌తో, అంటే గుండెది కాని అలజడితో, నిండిపోయి ఉంది. ఒకచోట విశ్లేషణ చేసే సాఫ్ట్‌వేర్ ఆ అలజడిని వెంట్రిక్యులర్ టాకికార్డియాగా (గుండె కింది గదుల్లో పుట్టే ప్రమాదకరమైన వేగపు లయగా) కూడా గుర్తించింది. కానీ అదే సమయంలో మరో ఛానెల్‌లో ఆమె సహజమైన క్యూఆర్‌ఎస్ స్పందనలు (గుండె కింది గదులు కొట్టుకున్నప్పుడు పడే నిటారు గీతలు) ఒక్కటి కూడా తప్పకుండా, తమ మామూలు విరామాల్లో నడుస్తూనే ఉన్నాయి. కాబట్టి అది గుండెలో పుట్టినది కాదు, చర్మానికీ ఎలక్ట్రోడ్‌కూ మధ్య పుట్టినది. ఎలా అంటించారని అడిగితే, తడిగుడ్డతో ఒకసారి తుడిచి అంటించారని, ఆ ఉదయం తాను ఒంటికి నూనె రాసుకుని స్నానం చేశానని చెప్పారు.

చర్మం ఇంత అలజడిని ఎలా పుట్టిస్తుందో కొంచెం వివరించాలి. చర్మం మీది మృతకణాల పొర ఛాతీ మీద సుమారు 10 నుంచి 20 మైక్రాన్ల మందం మాత్రమే ఉంటుంది. అంటే మిల్లీమీటరులో నూరో వంతు నుంచి యాభయ్యో వంతు. అయినా విద్యుత్తును అడ్డుకోవడంలో అది గట్టి గోడ వంటిది. నూనె, టాల్కం పౌడరు, ఎండిన చెమట దాని మీద చేరితే ఆ అడ్డు ఇంకా పెరుగుతుంది. అంతకన్నా ఇబ్బంది ఏమిటంటే, చర్మపు లోపలికీ బయటికీ మధ్య సహజంగానే ఒక విద్యుత్ పొటెన్షియల్ ఉంటుంది; చర్మం సాగినప్పుడు అది కొన్ని మిల్లీవోల్టుల మేర మారుతుంది. ఈసీజీలో క్యూఆర్‌ఎస్ ఎత్తు సుమారు 1 మిల్లీవోల్టు, పై గదుల స్పందనను చూపే పీ తరంగం అందులో నాలుగో వంతు కూడా ఉండకపోవచ్చు. రోగి వంగినప్పుడో, బరువెత్తినప్పుడో సాగే చర్మం పుట్టించే మార్పు, మనం వెతుకుతున్న పీ తరంగాన్ని పూర్తిగా మింగేయగలదు. మృతకణాల పొరను కొద్దిగా పలచబరిస్తే ఈ రెండు ఇబ్బందులూ తగ్గుతాయి. హోల్టర్‌కు ముందు చర్మాన్ని సిద్ధం చేయడంలో ఉన్న కీలకం ఇదే, ప్రమాదమూ ఇందులోనే ఉంది.

మొదటిసారి నేను చేసినది

పాత రిపోర్టులోని అలజడి నా కళ్లముందు ఉండడం వల్ల, ఈసారి ఒక్క గీత కూడా చెడకూడదన్న పట్టుదలతో ఏడు రోజుల రికార్డింగుకు ఆమెను సిద్ధం చేశాను. ఎలక్ట్రోడ్లు అంటించే ఏడు చోట్లా స్పిరిట్‌తో గట్టిగా తుడిచాను. గరుకు పట్టీతో ఒక్కోచోట పదిహేనుసార్లకు తక్కువ కాకుండా రుద్దాను. మళ్లీ స్పిరిట్ రాసి, అది పూర్తిగా ఆరకముందే తడి జెల్ ఉన్న ఫోమ్ ఎలక్ట్రోడ్లను అంటించాను. ఆమె మంచం మీద వెల్లకిలా పడుకుని ఉండగానే ఈ పని ముగించాను. తెర మీద గీత చాలా శుభ్రంగా కనిపించింది, నాకు సంతృప్తి కలిగింది. రుద్దినప్పుడు చర్మం ఎర్రబడిందా అని చూశాను. ఎరుపు కనిపించలేదు కాబట్టి పరవాలేదనుకున్నాను. ఇది నా మొదటి పొరపాటు. పుస్తకాల్లో చెప్పే ఎర్రదనం తెల్లని చర్మాన్ని చూసి రాసినది. మన రోగుల్లో చాలామందిది ముదురు ఛాయ. అక్కడ కందిన చర్మం ఎర్రగా కాక కొంచెం నల్లబడినట్టు, మెరుస్తున్నట్టు కనిపిస్తుంది. వేలి వెనుక భాగం ఆనిస్తే వెచ్చగా తగులుతుంది. చెయ్యి ఆనగానే రోగి ముఖం ముడుచుకుంటుంది. ఈ గుర్తులు నేను చూడలేదు.

అది ఆగస్టు నెల, వానలతో పాటు ఉక్కపోత. రెండో రోజు సాయంత్రం ఆమె కోడలి ఫోన్ నుంచి మాట్లాడారు. "పట్టీల కింద జిల పుడతంది బాబూ, రేతిరంతా నిద్దర నేదు" అన్నారు. దురదను మా ప్రాంతంలో జిల అంటారు. కొద్దిపాటి దురద అందరికీ ఉంటుందని, ఓర్చుకోమని చెప్పాను. మంట ఉందా, ఎప్పుడు మొదలైంది, ఎక్కడ ఎక్కువగా ఉంది అని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. మూడో రోజు ఉదయం ఆమె అన్నింటినీ పీకేసి, పసుపు కలిపిన కొబ్బరినూనె రాసుకున్నారు. నాలుగో రోజు రాత్రి దడ వచ్చింది, దాదాపు అరగంట ఉంది. యంత్రం ఆ సమయంలో గూట్లో ఉంది.

చర్మం చెప్పిన సంగతులు

ఐదో రోజు ఆమె యంత్రం తిరిగి ఇవ్వడానికి వచ్చినప్పుడు, "ఈ జిగురు మీకు పడదమ్మా" అనే మాట నా నోటి దాకా వచ్చింది. చాలా చోట్ల కేసు ఇక్కడితో ముగిసిపోతుంది. రోగి కాగితాల మీద 'ఎలర్జీ' అని రాసేస్తారు, ఆ తర్వాత ఆమెకు ఎవరూ ఏ పట్టీ వేయడానికీ ముందుకు రారు. ఫిజీషియన్ గారు మాత్రం ఒక్కో మచ్చనూ విడిగా చూడమన్నారు. నర్సు సాయంతో, మంచి వెలుతురులో, పసుపును గోరువెచ్చని నీటితో మెల్లగా కడిగి చూశాం. అక్కడ ఉన్నది ఒక్క రకం గాయం కాదు, మూడు రకాలు.

మొదటిది ఏడు చోట్లా ఉంది. ఎలక్ట్రోడ్ మధ్యలో జెల్ ఉండే గుండ్రటి భాగం కింద మాత్రమే చర్మం నల్లబడి, పలుచని పెచ్చు కట్టింది. చుట్టూ జిగురు ఉన్న వలయం కింద చర్మం దాదాపు మామూలుగా ఉంది. జిగురు పడకపోతే దద్దు ముందుగా రావలసింది ఆ వలయం కిందనే. ఇక్కడ మధ్యభాగమే దెబ్బతిన్నదంటే, కారణం నేను గరుకు పట్టీతో అతిగా రుద్దడం, ఆరని స్పిరిట్‌ను మూసేయడం, ఒలిచిన చర్మం మీద ఉప్పు ఎక్కువగా ఉండే తడి జెల్ రోజుల తరబడి నిలిచి ఉండడం. అడిగితే, అంటించిన రాత్రి నుంచే మంట ఉందని, జిల తర్వాత వచ్చిందని ఆమె స్పష్టంగా చెప్పారు. రాపిడి, రసాయనాల వల్ల వచ్చే చికాకులో మంట ముందుంటుంది. అది తాకిన హద్దు దాటదు. కారణం తొలగగానే రెండు మూడు రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. ఎలర్జీలో దురద ముందుంటుంది. సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల ఆలస్యంతో వస్తుంది. పట్టీ హద్దు దాటి పాకుతుంది. పట్టీ తీశాక కూడా కొన్నాళ్లు పెరుగుతుంది. పీకేసి రెండు రోజులు గడిచాక ఈ మచ్చలు ఎండుతున్నాయే తప్ప పాకడం లేదు.

రెండో రకం ఎడమ వైపు కింది పక్కటెముక మీద ఒక్కచోటే ఉంది. వలయపు బయటి అంచు వెంట రెండు నీటి పొక్కులు ఎదురెదురుగా లేచాయి. అది సాగుడు వల్ల వచ్చే పొక్కు. పడుకున్న మనిషికి అంటించిన పట్టీ ఆమె లేచి కూర్చుని ముందుకు వంగేసరికి చర్మాన్ని రెండు వైపులా లాగుతుంది. పై పొర కింది పొర నుంచి విడిపోతుంది. జిగురులోని రసాయనానికి ఇందులో ప్రమేయం లేదు.

మూడో రకమే నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసింది. ఎడమ ఛాతీ మీది రెండు ఎలక్ట్రోడ్లకు బయట, పట్టీ తాకని చోట, వేలితో గీసినట్టు చిన్న చిన్న పొక్కుల చారలు ఉన్నాయి. అవి తాజాగా, తీవ్రంగా దురద పెడుతున్నాయి. చూపు ఆమె చేతుల మీదికి పోయాకే సంగతి తెలిసింది. ఆమె జీడిపప్పు తయారుచేసే చిన్న పరిశ్రమలో పిక్కలు కొడతారు. ఆమె కుడి మణికట్టు లోపలి వైపున కూడా అలాంటి పొక్కులే ఉన్నాయి. రెండో రోజు పనికి వెళ్లారు; చెమటకు పట్టీల అంచులు లేస్తుంటే కుడి చేతి వేళ్లతో పదేపదే నొక్కుకున్నారు. జీడిపిక్క తొక్కలోని సొన చర్మానికి ఎంత హాని చేస్తుందో గజపతి, శ్రీకాకుళం జిల్లాల్లో వేరే చెప్పనవసరం లేదు. అందులోని అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ అనే పదార్థాలు చర్మాన్ని కాల్చగలవు, ఎలర్జీనీ పుట్టించగలవు. చాకలివాళ్లు బట్టలకు గుర్తు పెట్టడానికి వాడిన నల్లజీడి, మన మామిడి కూడా ఆ కుటుంబపు మొక్కలే. మామిడి సొన తగిలి మూతి పుండ్లు పడేది అందుకే. "పిక్కల సొన తగిలితే నా చేతికీ ఇలాగే అవుతాది" అని ఆమే అన్నారు. నేను మొదటి రోజున ఆమె వృత్తి అడిగి, ఫారంలో 'కూలి' అని రాసి వదిలేశాను.

ఇంత చెప్పినంత మాత్రాన జిగురు ఎలర్జీ అరుదైనదని కొట్టిపారేయకూడదు. పట్టీల తయారీలో వాడే అక్రిలేట్లు, పైన్ చెట్టు జిగురు నుంచి వచ్చే రోజిన్, బటన్లలోని నికెల్ నిజంగానే ఎలర్జీ తెస్తాయి. ఒంటి మీద అంటించుకుని చక్కెరను నిరంతరం కొలిచే సెన్సర్ల వల్ల వచ్చిన ఎలర్జీలకు ఐసోబోర్నైల్ అక్రిలేట్ కారణమని 2017లో వెల్లడైంది. 2020లో అమెరికాలోని కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ దాన్నే ఆ ఏటి ముఖ్య ఎలర్జీ కారకంగా ప్రకటించింది. అందుకే అనుమానాన్ని అనుమానంగా వదిలేయకుండా పరీక్షించి చూడాలి.

మధ్య కాలం

జిల పెడుతున్న చారలకు ఫిజీషియన్ గారు కొద్ది రోజులు వాడమని తేలికపాటి స్టిరాయిడ్ పూత రాశారు. గుండ్రటి మచ్చలకు పెట్రోలియం జెల్లీ తప్ప ఏమీ వాడలేదు. పొక్కులను చిదపలేదు. చర్మపు పై భాగం పూర్తిగా కొత్తదవడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది కాబట్టి అంతవరకు ఆగాలని నిర్ణయించారు. గుండె నిర్మాణంలో లోపం లేకపోవడం వల్లనే ఆ ఆలస్యం ఒప్పుకోదగినదైంది. ఈలోగా దడ వస్తే దగ్గరి ఆసుపత్రికి వెంటనే వెళ్లి, అది నడుస్తుండగానే ఈసీజీ తీయించుకోమని, స్పృహ తప్పేలా ఉంటే ఎవరినైనా తోడు తీసుకుని రమ్మని చెప్పారు.

నాలుగో వారంలో ఆమె చేయి పై భాగం లోపలి వైపున మూడు రకాల ఎలక్ట్రోడ్లు అంటించి 48 గంటలు ఉంచాం: మొదటిసారి వాడిన తడి జెల్ ఫోమ్ రకం, గుడ్డ వెనుకభాగం ఉన్న రకం, గట్టి హైడ్రోజెల్ రకం. రుద్దలేదు, స్పిరిట్ వాడలేదు. తీసిన గంటకు ఒకసారి, మరో రెండు రోజులకు ఇంకోసారి చూశాం. ఆలస్యంగా తేలే ఎలర్జీ మొదటి చూపులో తప్పించుకోవచ్చు. మూడు చోట్లా గంటలోనే మాయమైన ఒత్తిడి గుర్తు తప్ప ఏమీ లేదు. ఇది చర్మవైద్యులు చేసే ప్యాచ్ టెస్టుకు సాటి రాదు, కానీ మళ్లీ అంటించడానికి మాకు ధైర్యాన్నిచ్చింది.

రెండోసారి

ఆ ఉదయం నూనె, పౌడరు, పసుపు లేకుండా, మామూలు సబ్బుతో స్నానం చేసి, సబ్బు మిగలకుండా కడుక్కుని రమ్మన్నాం. ఆమె కూర్చుని ఉండగా, నర్సు సమక్షంలో, తెర కట్టి పని మొదలుపెట్టాను. స్పిరిట్‌ను పక్కన పెట్టాను. అది చర్మాన్ని ఎండబెట్టి విద్యుత్తుకు అడ్డును పెంచడమే ఎక్కువ. నూనె జిడ్డు గట్టిగా ఉన్నప్పుడు మాత్రమే స్పిరిట్ వాడతాను, పూర్తిగా ఆరాకే తర్వాతి పని చేస్తాను. నీటితో తడిపిన గాజుగుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో అద్ది, గరుకు పట్టీతో మూడుసార్లు మాత్రమే, ఒకే దిశలో, కాగితం మీది పెన్సిలు గీతను చెరిపేటంత తేలికగా రుద్దాను. అదీ జెల్ కూర్చునే మధ్యభాగంలోనే. జిగురు వలయం కింద రుద్దవలసిన పనే లేదు. వలయం వచ్చే చోట చర్మరక్షణ ద్రవాన్ని పలుచగా పూసి పూర్తిగా ఆరనిచ్చాను. అది విద్యుత్తును అడ్డుకుంటుంది కాబట్టి మధ్యలో పడకుండా చూసుకున్నాను. మగవారికైతే వెంట్రుకలను క్లిప్పర్‌తో కత్తిరిస్తాను. బ్లేడుతో గీస్తే కంటికి కనిపించని కోతలు పడతాయి.

హైడ్రోజెల్ ఎలక్ట్రోడ్లను సాగదీయకుండా, కండ మీద కాక ఎముక మీద ఉండేలా పరిచాను. మధ్యలో నొక్కితే జెల్ పక్కకు పాకుతుంది కాబట్టి వేలితో అంచు చుట్టూ మాత్రమే ఒత్తాను. ఒక్కో తీగను చిన్న చుట్టు తిప్పి విడి టేపుతో అతికించాను. తీగ లాగినా ఆ లాగుడు ఎలక్ట్రోడ్‌కు చేరకూడదు. పుస్తెలతాడు తీయమని నేను ఎవరినీ అడగను. రొమ్ము ఎముక మీది ఎలక్ట్రోడ్‌ను తాడు ఊగే దారి నుంచి కొంచెం పక్కకు జరిపి, తాడును రవికె పైన వేసుకోమని చెప్పాను. రాపిడి తప్పితే చాలు. తర్వాత ఆమెను చేతులు పైకెత్తమని, నడుము తిప్పమని, నేల మీద పిక్కలు ఏరుతున్నట్టు వంగమని చెప్పి తెర చూశాను. ఒక్క తీగ దగ్గర గీత ఊగింది, ఆ ఒక్కచోటే ఎలక్ట్రోడ్ మార్చాను.

ఏడు రోజులూ అవే ఎలక్ట్రోడ్లు ఉండవు. రోజూ ఊరి నుంచి రావడం ఆమెకు కుదరదు. అందువల్ల రెండు రోజులకొకసారి మార్చే పద్ధతిని కోడలికి నేర్పాం. పట్టీని పైకి లాగకూడదు. అంచు దగ్గర చర్మాన్ని ఒక వేలితో అదిమి పట్టి, పట్టీని దాని మీదికే మడుస్తూ, చర్మానికి ఆనించి మెల్లగా వెనక్కి తీయాలి. అంటుకుని రాకపోతే తడిపి తీయాలి. కొత్తది పాతచోటుకు ఒక వేలి వెడల్పు పక్కన, ఎముక మీదనే రావాలి. మిగిలిన ఎలక్ట్రోడ్ల పాకెట్టును తెరిచి ఉంచకూడదు, జెల్ ఎండిపోతుంది. యంత్రంతో వచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉంది; మా వద్ద ఉన్నది ఒడియాలో ఉంది. పాతపట్నం వైపు నుంచి వచ్చిన ఆ కోడలు చదవగలిగేది తెలుగు. ఒక పేజీ తెలుగులో రాసి, బొమ్మలు గీసి ఇచ్చాను. సవర మాట్లాడే రోగులకైతే ఇప్పటికీ బొమ్మలూ, చేతితో చేసి చూపించడమే ఆధారం.

పని విషయం తేల్చడం కష్టమైంది. వారం రోజులు ఇంట్లో ఉంటే కూలి పోతుంది. పైగా దడ పనిలో ఉండగానే ఎక్కువసార్లు వచ్చింది, విశ్రాంతిలో రికార్డు చేస్తే అది దొరకకపోవచ్చు. ఆమె యజమానిని అడిగి, ఆ వారం పిక్కలు కొట్టే పని నుంచి పప్పు పొట్టు తీసి ఏరే పనికి మారారు. సొన తగలదు, పనిగంటలు అవే.

రెండో రోజు, నాలుగో రోజు నేనే ఫోన్ చేశాను. "జిల ఉందా" అని మాత్రమే అడగకుండా, మంట ఉందా, ఏ పట్టీ కింద, మధ్యలోనా అంచునా అని అడిగాను. నాలుగో రోజు ఎడమ పక్కటెముక దగ్గర అంచులో చిరచిర అన్నారు. మార్చవలసిన సమయానికి ముందే ఆ ఒక్కదాన్ని కోడలు మార్చింది, చిరచిర తగ్గింది.

ఐదో రోజు సాయంత్రం దడ వచ్చింది. ఆమె మీట నొక్కారు, కోడలు డైరీలో సమయం రాసింది. 11 నిమిషాల పాటు, నిమిషానికి 168 చొప్పున, క్రమం తప్పని, సన్నని క్యూఆర్‌ఎస్‌లతో టాకికార్డియా నమోదైంది. ఒక ముందస్తు ఏట్రియల్ (పై గది) స్పందనతో అది మొదలవడమూ, ఒక్కసారిగా ఆగిపోవడమూ కనిపించాయి. కుడివైపు లీడ్‌లో క్యూఆర్‌ఎస్ చివర ఒక చిన్న మొటిమ లాంటి తరంగం ఉంది. మామూలు లయలో అది లేదు. వెనక్కి నడిచిన పీ తరంగం అదేనని, పై గదులకూ కింది గదులకూ మధ్య ఉండే ఏవీ నోడ్ దగ్గర విద్యుత్ సంకేతం చక్రంలా తిరగడం వల్ల వచ్చే టాకికార్డియా కావచ్చని ఫిజీషియన్ గారు రాశారు. గీత కొంచెం వణికి ఉన్నా ఆ మొటిమ కనిపించేది కాదు.

ఆమెను విశాఖపట్నం పంపారు. అక్కడ గుండె లోపలి విద్యుత్ దారులను చూసే ఎలక్ట్రోఫిజియాలజీ పరీక్షలో అదే నిర్ధారణ అయింది, ఆ చక్రపు దారిని వేడితో తొలగించే రేడియోఫ్రీక్వెన్సీ అబ్లేషన్ చేశారు. మూడు నెలల తర్వాత తిరిగి చూపించుకోవడానికి వచ్చినప్పుడు దడ మళ్లీ రాలేదని చెప్పారు. నర్సు, నేను చర్మం కూడా చూశాం. రెండోసారి అంటించిన చోట్ల ఏ గుర్తూ లేదు. మొదటిసారి నేను రుద్దిన ఏడు చోట్లలో రొమ్ము ఎముక మీద రెండు మచ్చలు ఇంకా ముదురుగానే ఉన్నాయి. వాటి కొలత, రంగు ఆమె కార్డులో రాసి, ఇంకో మూడు నెలలకు మళ్లీ చూస్తామని చెప్పాను.